తేడా పెట్టెకు కుదిరిన రాజీ

సత్యం శాశ్వతమని పెద్దలంటారు. వాళ్లెవరూ మా ప్రయోగశాలలో ఉద్యోగం చేయలేదు. అమెరికాలో, ఒరెగన్‌లోని ఈ భవనంలో సత్యానికి ఆర్నెల్ల గడువు. ప్రతి కొలత యంత్రం మీదా ఒక ఆకుపచ్చ చీటీ ఉంటుంది. చీటీ మీది తేదీ దాటిందంటే ఆ యంత్రం ఏం చెప్పినా అబద్ధమే. (ముందురోజు సాయంత్రం దాకా చెప్పింది మాత్రం నిజమే. మేమేమీ మూర్ఖులం కాదు.)

మా దగ్గర డిఫరెన్షియల్ కంపారేటర్ అనే పాత ప్లగిన్ ఒకటుంది. కరెంటు తీరును తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్ గూట్లో దూర్చే పెట్టె. పేరు పొడుగని అందరం తేడా పెట్టె అంటాం. ఏనుగు మీద ఈగ వాలిందా అని అడిగితే, ముందు ఏనుగును తీసేసి ఈగను తెర నిండా చూపించే రకం. వంద వోల్టుల మీద వెంట్రుకవాసి తేడా వచ్చినా దానికి తెలిసిపోతుంది.

మా ఇంజనీరు మావిస్ టోలెఫ్సన్‌కు ఆ ఈగతోనే పని. కొలంబియా నది ఆనకట్ట దగ్గర చేపల కోసం కట్టిన నీటి మెట్ల మీదుగా ఎగువకు ఈదే సాల్మన్ చేపలను లెక్కపెట్టే యంత్రానికి ఆమె కరెంటు సరఫరా పెట్టె తయారుచేసింది. ఆమె పేరుతో బయటికెళ్లే మొదటి పెట్టె. చలికాలమంతా దానితోనే కాపురం చేసింది. శుక్రవారం లారీ వస్తుంది. పెట్టె ఎక్కకపోతే ఆ పని ఇంకో కంపెనీకి పోతుంది. బుధవారం సాయంత్రం తేడా పెట్టెతో చూసుకుంటే అంతా సవ్యంగా ఉంది. గురువారం పొద్దున ఆఖరి కొలతకు కూర్చునేసరికి తేడా పెట్టె చీటీకి గడువు తీరిపోయింది.

యంత్రాలను సరిచూసి చీటీలంటించే కాలిబ్రేషన్ గది అధిపతి ఆర్విడ్ క్రోగ్‌స్టాడ్ డోనట్ నములుతూ విన్నాడు.

"దీన్ని మన ప్రామాణిక యంత్రంతో సరిచూడాలి. కానీ దాని చీటీ కూడా అయిపోయింది మావిస్."

"దాన్ని దేనితో సరిచూస్తారు?"

"తేడా పెట్టెతో."

"అంటే దీనికి అది సాక్షి, దానికి ఇది సాక్షి. బాగుందండీ!"

"చీటీల్లేని సాక్ష్యం చెల్లదు కదా," అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ.

మధ్యాహ్నం మా ప్రయోగశాల కమిటీ కూర్చుంది. రెండు యంత్రాలనూ తీగలతో కలిపి చూస్తే తెర మీది గీత మధ్యకు రాలేదు. తప్పెవరిదో తేల్చే అధికారం ఎవరికీ లేదు గనుక పెద్దమనుషులు చేసే పనే చేశాం. అది సగం తగ్గాలి, ఇది సగం పెరగాలి. క్రోగ్‌స్టాడ్ రెండింటి మరలూ కాస్త కాస్త తిప్పాడు. గీత మధ్యలోకొచ్చి బుద్ధిగా పడుకుంది. రెండింటికీ కొత్త చీటీలు అంటించాం. (చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.)

ఆ వెంటనే తేడా పెట్టెతో కొలిస్తే మావిస్ పెట్టె తప్పని తేలింది.

"నిన్న సరిగ్గా ఉందండీ!"

"నిన్నటి సంగతి నిన్నటిదే. నీ మర కూడా కొంచెం తిప్పెయ్. రెండు నిమిషాల పని."

"మీరు తేడా పెట్టెను చెడగొట్టింది చాలక నా పెట్టెనూ చెడగొట్టుకోమంటారా?"

ఆమె పెట్టెను చంకన పెట్టుకుని రోడ్డు అవతలి ప్రయోగశాలకు వెళ్లింది. వాళ్లు కొలిచి, సరిగ్గా ఉందని నీలం చీటీ అంటించి పంపారు. క్రోగ్‌స్టాడ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రంగు బాగుంది. మనది ఆకుపచ్చ కదా మరి."

శుక్రవారం లారీ హారన్ మోగాక మావిస్ స్క్రూడ్రైవర్ అందుకుంది. బాగున్న పనిని చేతులారా చెడగొట్టుకుంటున్న మనిషి ముఖం చూడటం కష్టం. అయినా కమిటీ సభ్యుణ్ని, ఆకుపచ్చ చీటీ నేనే అందించాను. పెట్టె ఆకుపచ్చ చీటీతో, సగౌరవంగా లారీ ఎక్కింది.

వసంతంలో ఆనకట్ట నుంచి ఫోను వచ్చింది.

"ఏమయ్యా, ఇక్కడ చేపలు ఎగిరెగిరి పడుతుంటే మీ యంత్రం సున్నా అంటోంది!"

"చేపలున్నాయని ఏ పరికరంతో చూశారు?" అన్నాడు క్రోగ్‌స్టాడ్.

"కళ్లతోనయ్యా బాబూ!"

క్రోగ్‌స్టాడ్ జాలిగా నిట్టూర్చాడు. కమిటీ మళ్లీ కూర్చుంది. తప్పు మావిస్ పెట్టెదేనని తేల్చి, లెక్క ఆగకూడదు గనుక ఆమెనే ఆనకట్టకు పంపింది. ఆమె నీళ్లలోకి చూసే గాజు కిటికీ ముందు కూర్చుని ఒక్క చేపనూ వదలకుండా లెక్కపెట్టింది. ఆనకట్టవాళ్లు మహా సంతోషించారు.

పై వారమే ఆమెకు మా కాలిబ్రేషన్ గది నుంచి ఉత్తర్వు వెళ్లింది: వాడకంలో ఉన్న రెండు కళ్లకూ చీటీలు లేనందున వాటిని తక్షణం మా గదికి పంపాలి, అవి తిరిగి అందేదాకా ఏమీ చూడరాదు.