మకరానికి కొమ్ములు

పళ్ళ డాక్టరు ఆ ఉదయం ఒకే పని పెట్టుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ క్లినిక్ చూడటానికి వచ్చేలోగా, కుర్చీకి ఎదురుగోడ మీద బొమ్మ పూర్తయిపోవాలి. ఆవిడకు నచ్చితే బడి పిల్లలందరి పళ్ళూ ఇకపై అతని చేతికే వస్తాయి. "మీది మకరరాశి, ఓపికకు గుర్తు. అదే వేయిద్దామండీ," అంది భార్య. పోరు పడలేక సరేనన్నాడు.

పెయింటరు వచ్చేసరికి డాక్టరు తల్లి ఒక్కతే ఉంది. "గోడ మీద మకరం వేయమన్నారు. మకరమంటే ఏంటమ్మా?" అని అడిగాడు.

"మొసలి, నాయనా. గంగాదేవి వాహనం. నోరు బాగా తెరిచుండాలి."

అతను బల్ల మీది పళ్ళ నమూనా చూసి, పన్ను పన్నూ గోడ మీదకు దించాడు.

కాసేపటికి భార్య వచ్చి, "మేక ఏది?" అంది.

"మేకేంటమ్మా?"

"మకరమంటే సగం మేక, సగం చేప. ఎవరో దేవుడు రాక్షసుడికి జడిసి ఏట్లో దూకాడట. నీళ్ళలో మునిగిన సగం చేపయింది, పైన ఉన్నది మేకగా మిగిలింది."

"జడిసి పారిపోయినవాడి బొమ్మా నా కొడుక్కి?" అంది అత్తగారు.

"మొసలిని చూస్తే వచ్చినవాళ్ళు పారిపోతారు అత్తయ్యా."

చెరిపే వ్యవధి లేదు. పాము చావకుండా, కర్ర విరగకుండా పెయింటరు మొసలి నెత్తిన కొమ్ములు, దవడ కింద మేకగడ్డం, వెనక చేపతోక తగిలించాడు.

స్నానం చేసి వచ్చిన డాక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటిది?"

"మీరేనండీ," అన్నాడు పెయింటరు.

"ముందు దాని మీద ఏదన్నా కప్పండి."

దుప్పటి కప్పారు. తడి రంగుకు అది అంటుకుంది. లాగేసరికి కళ్ళు సాగి, మకరం మెల్లకన్నుతో కుర్చీనే చూడసాగింది. సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. పెదవులు బిగించి మాట్లాడే మనిషి. కుర్చీ ఎలా ఉందో చూస్తానంటూ కూర్చుని తలెత్తింది. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

పరువు ఎలాగూ పోయిందనుకున్న డాక్టరుకు ఆ నోట్లో నల్లబడిన దవడపన్ను కనిపించింది. "అలాగే ఉండండి," అని లైటు తిప్పాడు. "నొప్పి ఎన్నాళ్ళుగా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏళ్ళుగా. భయమేసి ఎవరికీ చూపించలేదు."

పన్ను బాగు చేయించుకుని లేచి, అది మకరరాశని డాక్టరు భార్య చెబితే విని, "పిల్లల్ని పంపుతాను," అంది. "వాళ్ళు నోరు తెరవరు, ఇది తెరిపిస్తుంది. కానీ ఒక్క రాశే ఉంటే మిగతావాళ్ళు నొచ్చుకుంటారు. పన్నెండూ వేయించండి."

డాక్టరు మింగలేక కక్కలేక తలూపాడు.

"ధనుస్సంటే విల్లు," అంది తల్లి.

"సగం గుర్రం కూడా అత్తయ్యా," అంది భార్య.

పెయింటరు ఇంటికి ఫోన్ చేసి, అన్నంతోపాటు పరుపు కూడా పంపమన్నాడు.