గట్లపాలెం వరదల అధికారిక చరిత్ర

మా గట్లపాలెం మున్సిపాలిటీకి ఇంతవరకు ఒక చరిత్ర పుస్తకం లేకపోవడం చైర్మన్ విశ్వనాథరాజు గారిని చాలాకాలంగా బాధిస్తోంది. ఊళ్ళో జరిగినవల్లా వరదలూ తుఫాన్లే కాబట్టి వాటినే పుస్తకంగా వేయిస్తామని వారు ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. ఆర్ట్ పేపరు, మల్టీకలర్, అట్టమీద చైర్మన్ గారి ఫొటో. మున్సిపల్ ఆఫీసు ఎదురుగా డీటీపీ సెంటర్ పెట్టుకున్న నాకు టైపింగ్ పని దక్కింది. అంత పెద్దమనిషిని దగ్గర నుంచి చూసే భాగ్యం అలా కలిగింది.

నిజానికి మా ఊరివాళ్ళు చరిత్రను గోడలమీదే రాసుకుంటారు. గట్టువీధిలో ఏ ఇల్లు చూసినా వీధిగోడమీద వరద గీతలుంటాయి. నీళ్ళు తీసిన మర్నాడు మరక వెంబడి ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన సంవత్సరం వేస్తారు. తర్వాత ఎన్నిసార్లు సున్నం వేయించినా ఆ జానెడు మేర ముట్టుకోరు. ఎవరి గీత ఎత్తుగా ఉంటే వీధిలో వాళ్ళ మాటకు అంత విలువ.

అందుకే ప్రజాభిప్రాయ సేకరణకు జనం విరగబడి వచ్చారు.

"ఎనభై ఆరులో మా ఇంట్లో నడుం లోతండి."

"నడుమేంటండి, మాకు పీకల్లోతు. మా నాన్నగారు దూలం మీద కూర్చుని చుట్ట కాల్చారు."

చివరికి గట్టువీధి మలుపులో కిరాణా కొట్టు నడిపే అన్నపూర్ణమ్మ గారు లేచారు.

"గడప నుంచి ఆరడుగుల రెండంగుళాలండి. గొప్పకి చెప్పట్లేదు. అప్పుడు మావారు నన్ను ఎత్తుకుని అటక ఎక్కించారు. ఇప్పుడాయనకి పక్షవాతం. నేను ఆయన్ని అటక ఎక్కించలేను. మా వీధిలో ఒక వరద షెల్టర్ కట్టించండి రాజుగారండి, మీకు పుణ్యముంటుంది."

చైర్మన్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "ఆరడుగుల రెండంగుళాలు. అంగుళం కూడా వదలకుండా రాయవయ్యా," అని నన్ను ఆదేశించారు. నేను రాశాను.

మర్నాడు ఇంజనీరు ఉదయభాస్కర్ గారు ఒక చిన్న సాంకేతిక సమస్య పట్టుకొచ్చారు. ఊరి చివర చెరువు పూడ్చి వేసిన లేక్ వ్యూ ఎన్‌క్లేవ్ అనే లేఅవుట్ చైర్మన్ గారి బావమరిదిది. అందులో మొదటి విల్లా చైర్మన్ గారిదే.

"సార్, గట్టువీధికన్నా ఎన్‌క్లేవ్ రెండడుగులు పల్లం. వీధిలో ఆరైతే ఎన్‌క్లేవ్‌లో ఎనిమిదవుతుందండి. అది పుస్తకంలోకెక్కితే ప్లాట్లు ఎవరు కొంటారండి?"

చైర్మన్ గారు మ్యాపు తెప్పించి చూశారు. "ఎనభై ఆరులో అది చెరువు కదండీ?"

"అవునండి."

"చెరువులో నీళ్ళుంటే దాన్ని వరదంటారేంటండి?"

ఇంజనీరు గారు ఆ మాటే ఫైల్లో రాసుకున్నారు. ఆ విధంగా ఎన్‌క్లేవ్‌కు చరిత్రలో ఎన్నడూ వరద రాలేదని తేలింది. ఇక గట్టువీధి లోతును ప్రజాస్వామ్యబద్ధంగా కౌన్సిల్‌లో ఓటింగుకు పెట్టారు. పాలకపక్షం ఒక అడుగంది, ప్రతిపక్షం రెండడుగులు ఉండాల్సిందేనని వాకౌట్ చేసింది. అడుగు ఏకగ్రీవంగా నెగ్గింది. ఆరడుగుల రెండంగుళాలను నా చేత్తోనే డిలీట్ చేశాను. సిగ్గేసింది. అయినా చేశాను.

పుస్తకావిష్కరణకు మంత్రిగారు వస్తారని గట్టువీధికి మున్సిపాలిటీ ఖర్చుతో లేత గులాబీ రంగు వేయించారు. వీధి వీధంతా రెండు రోజుల్లో మెరిసిపోయింది. గీత ఒక్కటి కూడా మిగల్లేదు. అన్నపూర్ణమ్మ గారు గోడమీద చెయ్యి వేసి వెతుక్కోవడం చూశాను.

షెల్టర్ మాత్రం మంజూరైంది. ఎన్‌క్లేవ్‌లో కట్టారు. అన్నపూర్ణమ్మ గారు ఆఫీసుకొచ్చి అడిగారు.

"పల్లానికి వెళ్ళి దాక్కోమంటారేంటండి?"

"రూలు తల్లీ," అన్నారు చైర్మన్ గారు ఎంతో ఓర్పుగా. "వరద వచ్చే చోట షెల్టర్ కడితే మునిగిపోదూ? చరిత్రలో వరద రాని చోటే కట్టాలి."

షెల్టర్ ప్రారంభోత్సవానికి మంత్రిగారి డేట్ కుదిరింది. అదే వారంలో గోదావరికి కూడా కుదిరింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మా ఊళ్ళో ఆటోకి మైకు కట్టి, "గట్టువీధి ప్రజలారా, మన చరిత్ర ప్రకారం అడుగుకు మించి రాదు, వదంతులు నమ్మకండి," అని రోజంతా తిప్పారు. ఆ ప్రకటన టైపు చేసిందీ నేనే.

తెల్లవారేసరికి మురుగు కాలువ ఎగదన్నింది. ఎన్‌క్లేవ్‌లో షెల్టర్ బోర్డు మీది మొదటి లైను మాత్రమే కనిపిస్తోందని కబురొచ్చింది. ఎన్‌క్లేవ్ ఇళ్ళలోంచి షెల్టర్‌కి వెళ్ళినవాళ్ళను షెల్టర్ నుంచి తేవడానికి రెండు పడవలు పంపారు. అందరూ క్షేమంగా వచ్చారు. రెండో పడవలో చైర్మన్ గారు, వారి శ్రీమతి, ఇన్వర్టర్ బ్యాటరీ వచ్చారు.

ఊరి నడుమ పొడిగా మిగిలింది మున్సిపల్ ఆఫీసు మేడమీది కౌన్సిల్ హాలొక్కటే. నేను అప్పటికే కంప్యూటరు మోసుకుని అక్కడికి చేరాను. చైర్మన్ గారు గుండెల దాకా తడిసిన లాల్చీతో లోపలికి వచ్చి ఆగిపోయారు.

గట్టువీధి గట్టువీధంతా అక్కడే ఉంది. సభ్యుల బల్లలమీద పిల్లలు నిద్రపోతున్నారు. గుమ్మం పక్కనే నవారు మంచంమీద అన్నపూర్ణమ్మ గారి భర్త జోగేశ్వరరావు గారు సన్నగా గురక పెడుతున్నారు. అన్నపూర్ణమ్మ గారు గ్యాస్ స్టవ్ మీద గంజి కాస్తున్నారు.

"మీరెప్పుడొచ్చారమ్మా?"

"నిన్న మధ్యాహ్నమేనండి. రేవులో ఆరో మెట్టు మునిగింది. ఇంక ఆగకూడదనుకుని మంచంతోసహా నలుగురి చేత మోయించుకొచ్చాను. వాచ్‌మన్ తాళం ఇవ్వనన్నాడు. పగలగొట్టించామండి, ఏమనుకోకండి." తర్వాత పక్కకు తిరిగి, "రాజుగారు తడిసిపోయారు. ఆయన కుర్చీలోంచి బియ్యం బస్తా దించండమ్మా," అన్నారు.

చైర్మన్ గారు కూర్చుని రెండు గ్లాసుల గంజి తాగారు. కాసేపు హాలంతా కలయజూశారు. పై కప్పు, కిటికీలు, తలలు. అప్పుడు వారి ముఖంలో మళ్ళీ పాత కళ వచ్చింది.

"ఉదయభాస్కర్ గారూ, మంత్రిగారి పడవ ఎన్నింటికి?"

"పదింటికండి."

"షెల్టర్ కట్టాం. జనం ఉన్నారు. ప్రోగ్రాం ఎందుకు ఆపాలండి? ఇక్కడే కానిచ్చేద్దాం. రిబ్బనుందా?"

రిబ్బను ఉంది. దాని ఒక చివర గుమ్మానికి కట్టారు. రెండో చివర దేనికి కట్టాలా అని ఇంజనీరు గారు అటూ ఇటూ చూసి, జోగేశ్వరరావు గారి మంచం కోడు దగ్గర వంగారు.

"మెల్లిగా కట్టండి బాబూ," అన్నారు అన్నపూర్ణమ్మ గారు. "ఆయనకి ఇప్పుడే నిద్ర పట్టింది."