వివరాలకు త్రినాథ్‌ని అడగండి

మానవ నాగరికతకు పునాది నిప్పూ కాదు, చక్రమూ కాదు, వాడుక సూచనలేనని మా సంఘం గట్టి అభిప్రాయం. (తీర్మానం ఏకగ్రీవం. ఆ రోజు కోరం లేదు.)

సంఘం పూర్తి పేరు 'నీటివంతు' డాక్యుమెంటేషన్ మెరుగుదల సంఘం. 'నీటివంతు' అనేది గజపతినగరం పక్కన ఉండే త్రినాథ్ రాసి, ఉచితంగా ఊరి మీదకు వదిలిన ఓపెన్ సోర్స్ యాప్. కాలవ నీళ్లు ఈ పూట ఎవరి మడికి వెళ్లాలో చెబుతుంది. దాని కోడు ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఇంతవరకూ చూసిందీ దిద్దిందీ త్రినాథే అనుకోండి, హక్కు మాత్రం అందరిదీ. దానికున్న డాక్యుమెంటేషన్ మొత్తం ఒక్క వాక్యం: వివరాలకు త్రినాథ్‌ని అడగండి. కింద ఫోను నంబరు.

అడిగారు. అన్నానికి ముందు అడిగారు, అన్నం మధ్యలో అడిగారు. కొత్తగా కాపురానికొచ్చిన అతని భార్య శైలజ కొన్నాళ్లు ఓర్చుకుని, బట్టలు సర్దుకుని శృంగవరపుకోటలో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్తూ ఒక్క మాటే అంది.

"బావా, నీ ఫోను మోగడం మానేసిన నాడు కబురెట్టు. వస్తాను."

అలా ఒక కాపురాన్ని నిలబెట్టే బాధ్యత డాక్యుమెంటేషన్ మీద పడింది.

సంఘాధ్యక్షులు, బొబ్బిలి వాస్తవ్యులు మోహనకృష్ణగారు తొలి సమావేశంలోనే సూచనలు ఎలా రాయాలో సూచనలు రాయించారు. త్రినాథ్ కూర్చుని, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో బొమ్మలతో సహా చక్కటి తెలుగులో రాశాడు. నిజంగానే బాగా రాశాడు. పెళ్లాం మీద బెంగతో రాసింది మరి. సంఘం అక్కడక్కడా 'దయచేసి' చేర్చి ఆమోదించింది.

నియమం ప్రకారం దాన్ని ఒక వాడుకదారుడి మీద పరీక్షించాలి. అసిరయ్య అనే రైతు ఫోనుకు పంపాం. ఆయన వెంటనే త్రినాథ్‌కు ఫోను చేశాడు.

"బాగా రాసినావు అల్లుడా. ఏటి రాసినావో ఓపాలి సెప్పు."

ఆయన తప్పేమీ లేదు. మా వైపు, తెలిసినవాడు బతికుండగా కాగితం చదువుకోవడం ఆ మనిషిని చిన్నబుచ్చడమే. (చదువు రాక కాదు. రోజూ పేపరు అక్షరం వదలకుండా చదువుతాడు. పేపరు రాసేవాళ్లు ఆయనకు చుట్టాలు కారు.)

చివరకు త్రినాథ్ శైలజకు కబురు పెట్టి, ఫోను కట్టేశాడు. పొద్దుటి బస్సుకి ఆమె వచ్చింది. మధ్యాహ్నానికి ఆటో నిండా అసిరయ్యా, తక్కిన ఆయకట్టు రైతులూ దిగారు. చేతుల్లో కొబ్బరిబొండాలు, బత్తాయిలు. ఫోను కలవడం లేదంటే కుర్రాడికి ఏదో పెద్ద జబ్బే చేసిందని వాళ్ల భయం. ఆరోగ్యంగా కనబడటానికి సిగ్గేసి త్రినాథ్ లోపలి గదిలో దుప్పటి కప్పుకున్నాడు. వచ్చినవాళ్లను తొందరగా సాగనంపాలని శైలజ డాక్యుమెంటేషన్ తెరిచి, వంతు మార్చుకునే పేజీ గట్టిగా చదివి వినిపించింది. అందరికీ ఒక్కసారికే అర్థమైంది.

"ఈ పిల్ల సెప్తే తెలుస్తన్నాది," అన్నాడు అసిరయ్య. వెళ్లే ముందు ఆమె నంబరు అడిగి తీసుకున్నాడు.

సంఘం ఈ ఫలితాన్ని కూలంకషంగా పరిశీలించి, మెరుగుపరిచిన డాక్యుమెంటేషన్ విడుదల చేసింది. అది ఒక్క వాక్యం: వివరాలకు శైలజమ్మను అడగండి. త్రినాథ్ ఫోను ఇప్పుడు మోగడం లేదు. ఆమె పెట్టిన షరతు అక్షరాలా నెరవేరింది కనుక ఫిర్యాదు మూసేశాం. ఓపెన్ సోర్స్ కాబట్టి మార్పు ఎవరైనా ప్రతిపాదించవచ్చు. ఆమోదించాల్సింది మాత్రం త్రినాథ్ ఒక్కడే. ఆమోదించాడు.