ఈల వేస్తే పరుగు

ఆ పొద్దున యలమందయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. చుట్టాలబ్బాయి పుట్టువెంట్రుకలకని భార్య సుబ్బరావమ్మ సింగరాయకొండ వెళ్తోంది. కల్లంలో ఎండుతున్న మిరపకాయలకు ఆయనే కాపలా. కాపలా అంటే ఎలాగూ ఊరికే కూర్చోవడమే కాబట్టి, ఆ కూర్చునేదేదో మానేసి కల్లాల పక్క డొంకదారిలో వ్యాయామం చేసుకుంటే ఒక్క పొద్దులో రెండు పనులూ అయిపోతాయి.

"మబ్బు పడితే ముందు పట్ట కప్పు, తర్వాతే ఇంకేదైనా. రేపు లారీ వచ్చిద్ది. ఏడాది కష్టం ఆ కల్లంలోనే ఉంది," అంది సుబ్బరావమ్మ ఆటో ఎక్కుతూ.

"నాకు తెలవదా ఏంది? నువ్వు పోయిరా."

వ్యాయామం మాత్రం కూతురు హారిక వేసిన శిక్ష. గుంటూరులో ఉద్యోగం చేసే ఆ పిల్ల ముందురోజే ఫోనులో కడిగేసింది. "నాన్నా, నెల నుంచీ నడుస్తున్నావు గానీ ఆ సంగతి నీ పొట్టకి తెలియట్లేదు. ఒకే తీరుగా నడిస్తే ఒళ్లు అలవాటు పడిపోద్ది. కాసేపు ప్రాణం మీదకొచ్చినట్టు పరిగెత్తు, కాసేపు నడువు, మళ్లీ పరిగెత్తు. ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటారు దాన్ని. క్యాలరీలు బాగా ఖర్చవుతాయి." చెప్పి ఊరుకోక ఆయన ఫోనులో యాప్ కూడా పెట్టించింది. చెవిలో ఈల వినబడితే పరుగు, గంట వినబడితే నడక.

యలమందయ్య పంచె ఎగ్గట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని డొంకలోకి దిగాడు. ఈల మోగింది. పరుగందుకున్నాడు.

ఆ మహానుభావుడు ఒక్క విషయం మరిచిపోయాడు. మార్చి నెలలో కల్లాల దగ్గర అంత ఒళ్లున్న రైతు పరుగెత్తాడంటే చూసేవాళ్లకు తోచేది ఒకటే. వాన!

తన కల్లంలో కూలీల చేత రంగు పోయిన తాలుకాయలు ఏరిస్తున్న ప్రసన్నకుమార్ తలెత్తి చూసి గుండె బాదుకున్నాడు. "అమ్మో, యలమందయ్య పరిగెత్తుతున్నాడ్రా! పెళ్లి భోజనాలకి కూడా పరిగెత్తని మనిషి! వానేరా, పట్టలు లాగండి!" పక్క కల్లంలో ఇమాం హుస్సేన్ చేతిలో టీ గ్లాసు వదిలేసి టార్పాలిన్ పట్ట కొస పట్టుకున్నాడు.

యలమందయ్య చెవిలో గంట మోగింది. ఆయన తీరిగ్గా దిక్కులు చూస్తూ నడవసాగాడు.

"ఆగాడు. వాన లేదంటలే, తీసెయ్యండి."

సగం కప్పిన పట్టలు వెనక్కి లాగారు. ఇంతలో ఈల. "మళ్లీ పరుగు! కప్పండి!" అంతలో గంట. "నడుస్తున్నాడు, తియ్యండి!" కూలీ ఆడవాళ్లు నడుములు పట్టుకుని చతికిలబడ్డారు. "కప్పమంటారా, తియ్యమంటారా? ఏదో ఒకటి తేల్చి చావండయ్యా!" అడుగుదామంటే యలమందయ్యకు ఏ పిలుపూ వినబడదాయె. చివరికి పీడా పోతుందని ఎవరి కల్లాలు వాళ్లు కప్పేసి, దారికడ్డంగా నిలబడ్డారు.

ఇమాం హుస్సేన్ ఆయన చెవిలోది ఊడబీకాడు. "ఏందన్నా, వానెక్కడ?"

"వానేంది?"

"మరెందుకు పరిగెత్తుతున్నావ్?"

"క్యాలరీల కోసం."

హారిక చెప్పినదంతా, చెప్పనిది మరికాస్తా కలిపి యలమందయ్య బోధించాడు. "ఇకనుంచి నేను పరిగెత్తితే వ్యాయామం అనుకోండి. మీరు కంగారుపడబాకండి," అని అభయమిచ్చి, చెవిలోది మళ్లీ దోపుకుని ముందుకు సాగాడు.

పట్టలు తీసే ఓపిక ఎవరికీ లేదు. తిట్టుకుంటూ అందరూ రేకుల పాకలో టీకి చేరారు.

డొంక ఆ చివర యలమందయ్య ముక్కు మీద చుక్క పడింది. చెమట అనుకున్నాడు. రెండోది పడ్డాక తలెత్తాడు. పొదిలి వైపు నుంచి కారుమబ్బు కమ్ముకొస్తోంది. ఈ చివర తన కల్లమొక్కటే ఎర్రగా, బోర విరుచుకుని పడుంది. పట్ట కప్పడానికి నలుగురు మనుషులు కావాలి. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పరుగెత్తనంత పరుగెత్తాడు. అరుద్దామంటే ఊపిరి చాలక, చేతులూపాడు.

పాకలోంచి ప్రసన్నకుమార్ ముచ్చటగా చూశాడు. "ఈసారి చేతులు కూడా ఊపుతున్నాడ్రా!"

"ఊపితే ఇంకా ఖర్చవుతాయేమోలే. పలకరించబాకండి, మధ్యలో ఆపితే మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలేమో పాపం," అన్నాడు ఇమాం హుస్సేన్.

యలమందయ్య తన కల్లం చేరేసరికి వాన కూడా చేరింది. చెవిలో గంట మోగింది, ఇక నడవొచ్చని. రేకుల మీద చినుకుల మోత విని జనం పరుగెత్తుకొచ్చి పట్ట కప్పారు గానీ, అప్పటికే కాయలు ముద్దయిపోయాయి. యలమందయ్యకు ఏడుపొచ్చింది. వానలో అదెవరికీ కనబడలేదు.

సాయంత్రం సుబ్బరావమ్మ ఆటో దిగేసరికి ప్రసన్నకుమార్ ఎదురెళ్లాడు. "అక్కా, మీ ఆయన దేవుడు. ఆయన పరిగెత్తబట్టి మా కాయలన్నీ బతికాయి." ఆవిడ ముఖం వెలిగిపోయింది. మొగుడికి ప్రసాదం పెడదామని కల్లంలోకి వెళ్లి, పట్ట కొస ఎత్తి చూసింది.

ఆ పొద్దు యలమందయ్య ఎంత తగ్గాడో ఎవరూ తూచలేదు గానీ, ఆయన మిరపకాయలు మాత్రం బాగా బరువెక్కాయి.