సేప అంటే సరిపోయేది

చిన్నారావు ఇంట్లో అందరిలాగా చేపను 'సేప' అని ఉంటే దానయ్యకు ఇంత అన్యాయం జరిగేది కాదు. కానీ ఆయన అలా అనడు. దానయ్య అక్క సుభద్రను చేసుకున్న ఆ మహానుభావుడు మెట్రిక్ పాసయ్యాడు, రాయ్‌పూర్ పండరీ బజారులో బట్టల కొట్టు గుమాస్తా. కాబట్టి ప్రతి మాటా శుద్ధంగా పలకాలి. కొట్టు సేఠ్ మెప్పు కోసం పంచె కట్టి, మెడలో తులసిమాల వేసుకుని నీచు కూడా మానేశాడు. అయిదో తరగతితో బడి మానేసి ఇనుప కర్మాగారంలో ఒళ్లు కాల్చుకునే దానయ్య అంటే ఆయనకు లెక్కేముంది?

ఎనభై ఆరులో, దీపావళి వెళ్లిన ఆదివారం పొద్దున, దానయ్య తండ్రి పున్నయ్య అటక మీది విసురు వల దింపించాడు. భీమిలి దగ్గర, ఒడ్డు కనుచూపు మేరలో ఉండగానే వేట చేసుకుని బతికిన కుటుంబం వాళ్లది. రైల్వే కూలీగా రాయ్‌పూర్ వచ్చి నలభై ఏళ్లయినా ముసలాయన ఆ వల పారేయలేదు.

"నెల్నాళ్ల కిందట సెప్పిందే మళ్లీ సెప్తన్నాను. కొడుకైనా అల్లుడైనా, నా వల్లో పడ్డ సేపని ఒడ్డుకి తెచ్చినోడికే బీర్‌గావ్‌లో నాను కొన్న ఇంటి జాగా. గంగమ్మ సాక్షి!" అన్నాడు.

వాన పడితే గిన్నెలు పరుచుకునే అద్దె గదిలో ఉంటున్న దానయ్య ఈ నెల్లాళ్లూ పెరట్లో వల విసరడం నేర్చుకున్నాడు. పక్కింటి కోళ్లు మూడుసార్లు పడ్డాయి. చేప వాసనకే ముక్కు మూసుకునే బావ తనకు పోటీ ఏమిటని అతని ధీమా.

అందరూ ఖారున్ ఏటికి వెళ్లారు. దానయ్య నడుంలోతు నీళ్లలో దిగి వల విసిరాడు.

"ఓరి నాయినా, ఏటిరా ఆ ఇసరడం? దుప్పటి దులుపుతున్నావేటి?" అని అరిచాడు పున్నయ్య ఒడ్డు నుంచి.

చిన్నారావు గొడుగు కింద రుమాలుతో ముక్కు మూసుకుని నిలబడ్డాడు. "మావయ్యా, సేప నిన్ను కరవదులే!" అని నవ్వింది దానయ్య కూతురు ఊర్మిళ.

"సేప కాదమ్మా, చేప," అని దిద్దాడాయన.

ఎనిమిదోసారి వల బరువెక్కింది. ఇంత పొడుగు బొచ్చె చేప ఒకటి వలలో ఎగిరిపడింది. దానయ్య గుండె కూడా ఎగిరింది. నోరు మూసుకుని ఉంటే చిన్నారావు సొమ్మేం పోయింది? భార్యను పిలుస్తూ ఏరు మారుమోగేలా అరిచాడు: "సుభద్రా! చేపా! చేపా!"

ఆ ఊళ్లో పోలీసుల దాడిని ఛాపా అంటారు. వంతెన కింద దుప్పటి పరుచుకుని దీపావళి జూదం ఆడుతున్న పదిమందికి ఆ శుద్ధమైన ఉచ్చారణ శుద్ధంగా వినిపించింది.

"ఛాపా! భాగో రే!"

పేకముక్కలు గాలిలోకి లేచాయి. ఒక లావుపాటి ఆసామి ఏట్లోకి దూకి, సరిగ్గా దానయ్య వల మీద పడ్డాడు. పాత వల పర్రున చిరిగింది. మనిషి చిక్కుకున్నాడు, చేప జారుకుంది.

"ఛోడ్ దో సాబ్! పెహలీ బార్ ఖేలా!" అంటూ, ఇదే మొదటిసారి ఆడడం, వదిలేయమని దానయ్య కాళ్లు పట్టుకున్నాడు ఆసామి, అతన్నే పోలీసు అనుకుని.

"సాబ్‌నేటిరా నాను! మఛ్లీ! మఛ్లీ పకడ్ రహా హూఁ!" చేపలు పడుతున్నానని గింజుకున్నాడు దానయ్య.

"మై మఛ్లీ నహీఁ హూఁ సాబ్!"

ఈ గోలకు వంతెన మీద పోతున్న ఇద్దరు కానిస్టేబుళ్లు నిజంగానే ఈలలు వేస్తూ దిగారు. లాఠీలు చూసి చిన్నారావు గొడుగు వదిలేసి పరుగు తీశాడు, బురదలో జారి ఏటి అంచున బోర్లా పడ్డాడు. చిరిగిన వల నుంచి వచ్చిన బొచ్చెకు అంత ఏట్లో ఆయన పంచె ఒక్కటే కనిపించింది.

"అమ్మో! పంచెలో సేప! సేప! ఎవలైనా తియ్యండే!" అని చిన్నారావు ఎగురుకుంటూ ఒడ్డెక్కాడు. చేప పున్నయ్య కాళ్ల దగ్గర పడింది.

"ఇప్పుడు సరిగ్గా అన్నావు మావయ్యా!" అంది ఊర్మిళ.

కానిస్టేబుళ్లు దానయ్య భుజం తట్టారు. ఏడాదిగా దొరకని జూదగాణ్ణి పట్టాడట. దానయ్యను సాక్షిగా రాసుకున్నారు, వలను సాక్ష్యంగా తీసుకున్నారు.

"నాన్నా, ఇసిరింది నాను! పట్టింది నాను!" అని మొత్తుకున్నాడు దానయ్య.

"నువ్వు పట్టింది మనిషినిరా. సేపని ఒడ్డుకి తెచ్చిందెవులు?"

"బావ తేలేదు నాన్నా, అదే పంచెలో దూరింది!"

"ఎలగొచ్చినా వచ్చింది కదా. గంగమ్మ పేరెట్టి అన్న మాట తప్పుతానేటి?"

అప్పటిదాకా వణుకుతూ తులసిమాల కడుక్కుంటున్న చిన్నారావు చటుక్కున చేతులు జోడించి, "పెద్దల మాట కాదనకూడదు కదండీ," అన్నాడు. ఉచ్చారణ మళ్లీ శుద్ధంగా ఉంది.

చేప తూగింది మూడు కిలోలు. దానయ్యకు పోయింది బీర్‌గావ్‌లో ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు, వెరసి ఎనిమిది వందల చదరపు అడుగులు.