తెల్లపెట్టెల కింద నియమాలు

"ఆ రంగుల జోలికి నువ్వు పోకు తల్లీ. ఏదో ఒకటి చెడుతుంది. ఆరు నెలల కష్టం నీళ్లపాలవుతుంది," అంది తల్లి, కూతురి చేతికి టిఫిన్ డబ్బా ఇస్తూ.

"కంప్యూటర్లో నియమాలున్న పెట్టెలకి అంచు గీత, వెనకాల పసుపు రంగు. ఐదు నిమిషాల పనమ్మా."

"మీ నాన్న కూడా ఐదు నిమిషాలనే ఫ్యాను విప్పారు. ఆ వేసవంతా విసనకర్రే గతయింది."

కూతురు గ్రంథాలయంలో తాత్కాలిక గుమాస్తా. ఆ రోజుతో ఆరు నెలల గడువు ముగుస్తుంది. సాయంత్రంలోగా ఉద్యోగం ఖాయం చేస్తూ అధికారి సంతకం పెట్టాలి. ఆయన అప్పగించిన చివరి పని, నియమాల పత్రాన్ని కంటికింపుగా తయారుచేయడం.

కంప్యూటర్లో ఉన్న ఆ పత్రం ఏనాటిదో. పాత అక్షరాలు చెరిపితే వరుసలు చెదురుతాయని, నియమం మారినప్పుడల్లా అప్పటి గుమాస్తా దాని మీద అంచు లేని తెల్లటి పెట్టె, అదే టెక్స్ట్ బాక్స్, కప్పి, అందులో కొత్తది టైపు చేసేవాడు, చిరుగు మీద అతుకు వేసినట్టు. కూతురికి ఆ సంగతి తెలియదు. పెట్టెలన్నీ ఒక్కసారే ఎంచుకుని నల్ల అంచు, పసుపు రంగు వేసింది. కిక్కిరిసిన బస్సులో మోచేతుల్లా ఎక్కడెక్కడి గీతలో పొడుచుకొచ్చాయి.

తల్లికి ఫోను చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. "అమ్మా, అన్నీ గీతలే."

"నేను చెప్పానా? గీత తీసేయ్, రంగు తీసేయ్. దేన్నీ ఉంచకు."

తీసేసింది. పసుపుతో పాటు కిందున్న తెలుపూ పోయింది. ఏళ్ల తరబడి కప్పిన నియమాలన్నీ ఒకదాని మీదొకటి పైకి తేలాయి. కంగారులో చేసిన మార్పును రద్దు చేయబోయి ప్రింటు నొక్కింది. ప్రింటరులోంచి ఏది వచ్చినా చదవకుండా తలుపుకి అంటించడం అక్కడి అటెండరుకి ఇరవయ్యేళ్ల అలవాటు.

"సెలవు సోమవారం, మంగళవారం, శుక్రవారమట. ఇవాళ మంగళవారమే, పదండి," అని పాఠకుల్లో సగంమంది వెళ్లిపోయారు.

"పుస్తకం గడువు ఏడు, పది, పధ్నాలుగు రోజులు. వెరసి ముప్పై ఒకటి. నాకింకా నాలుగు రోజులున్నాయి," అని ఒక రిటైర్డు లెక్కల మాస్టారు, తిరిగివ్వడానికి తెచ్చిన పుస్తకాన్ని మళ్లీ చంకలో పెట్టుకున్నారు.

అధికారి ఆ కాగితం పీకి పట్టుకుని కూతురి బల్ల దగ్గరికొచ్చారు. "ఎవరు చేశారిది?"

కూతురు నోరు తెరిచేలోపే ఫోనులోంచి తల్లే అందుకుంది.

"బాబుగారూ, తప్పు నాది. రంగు తీసెయ్యమన్నది నేనే. మా పిల్లకి ఉద్యోగం ఉందో ఊడిందో ఒక్కమాట చెప్పండి. నేను కూర్చునే ఉన్నాను, పడిపోను."

ఆయన కళ్లజోడు సవరించుకుని కాగితాన్ని పైనుంచి కిందికి చదవసాగారు. 'గట్టిగా తుమ్మరాదు' అన్నచోట వేలు ఆగిపోయింది.

"లైన్లో ఉన్నారా బాబుగారూ?"

ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టారు.

"ఉన్నానండీ," అన్నారాయన చివరికి. "ఉద్యోగం ఖాయం. నేనూ మీ అమ్మాయిలా ఇక్కడ తాత్కాలిక గుమాస్తాగా ఉన్నప్పుడు, తుమ్మకూడదని నియమం రాసి, అందరూ నవ్వితే మొదటి తెల్లపెట్టె కప్పింది నేనే. ఆ తుమ్ము నియమం మాత్రం మళ్లీ కప్పెయ్యమనండి."