కిక్కిరిసిన వేదిక

నలభై అయిదేళ్ల క్రితం ఒకే విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎమ్మే చదివి, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగాలు చేసి రిటైరైన మిత్రుల ఆత్మీయ సమ్మేళనం గత ఆదివారం జనక్‌పురి కమ్యూనిటీ హాల్లో అత్యంత వైభవంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. వేదిక కిక్కిరిసింది.

హాలు మాత్రం కొంచెం వెలితిగా ఉంది. వచ్చిన మిత్రులందరూ అధ్యక్షులో, ఉపాధ్యక్షులో, ముఖ్య అతిథులో, విశిష్ట అతిథులో, ఆత్మీయ అతిథులో కావడం వల్ల కింద కూర్చునేందుకు మనిషి దొరకలేదు. టెంటువాడు బల్లలు తెచ్చి వేదికను ముందుకు పెంచాడు. అందుకోసం ప్రేక్షకుల కుర్చీలు తీసేయవలసి వచ్చినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి ప్రేక్షకులుండాలి గదా. ధర్మపత్నులందరూ ఈ ఉపన్యాసాలు ఇంట్లోనే విని ఉన్నందున, బయట లాన్‌లో ఎండకు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు.

ఆ విధంగా ప్రేక్షకులుగా వ్యవహరించే గౌరవం కొత్త దంపతులమైన నాకూ, కిరీటికీ దక్కింది. పెళ్లయి నెల కాలేదు. ఒకే శాలువా కప్పుకుని, రెండు గంటలపాటు పక్కపక్కనే కూర్చోవడం మా విధిగా నిర్ణయించిన కార్యవర్గానికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. చప్పట్లు కొట్టినప్పుడల్లా చేతులు విడదీయాల్సి రావడం ఒక్కటే ఇబ్బంది. కిరీటి ఎడమ చేత్తో, నేను కుడి చేత్తో కలిపి ఒకే చప్పట కొట్టి దాన్నీ పరిష్కరించుకున్నాం.

కుర్చీలు రిటైరైన నాటి హోదా ప్రకారం వేశారు. జాయింట్ సెక్రటరీల కుర్చీల వీపులకు తెల్ల తువ్వాళ్లు కప్పారు. నడి కుర్చీ అధ్యక్షులు రామమోహనరావుగారిది. దానికి రెండు తువ్వాళ్లు. అండర్ సెక్రటరీగా రిటైరైన మా మావయ్యగారు సుందరరామయ్యగారి కుర్చీ చిట్టచివరిది. దాని ఒక కాలు బల్ల అంచు దాటి గాలిలో ఉంది. ఆయన ఒంటికాలి మీద బరువు ఆపుకుంటూ కూడా చిరునవ్వుతో కూర్చున్నారు.

ఆ చిరునవ్వుకు కారణముంది. ఉద్యోగమంతా ఆయన చేసిన పని పై అధికారులకు ఉపన్యాసాలు రాసిపెట్టడం. రాసినవి వేల మంది విన్నారు. ఆయన నోట ఒక్కటీ ఎవరూ వినలేదు. జీవితంలో మొదటిసారి ఆయనకు వేదికా, మైకూ, అయిదు నిమిషాలూ ఇచ్చారు. పది రోజులుగా ఇంట్లో అద్దం ముందు సాధన జరిగింది.

"సోదర సోదరీమణులారా..." అని మొదలుపెట్టగానే వంటింట్లోంచి అత్తయ్య అన్నపూర్ణేశ్వరిగారు, "సోదరీమణులెవరూ లేరిక్కడ. చారు చల్లారిపోతోంది, రండి!" అనేవారు.

అయితే ఆ పది రోజులూ ఫోన్లు కూడా మోగాయి. మొదట రామమోహనరావుగారు. "ఒరేయ్ సుందరం, నాకో రెండు ముక్కలు రాసి పెట్టరా. నీకు చెయ్యి తిరిగిన పని." తర్వాత ఉపాధ్యక్షులు. తర్వాత అతిథులు. కాదనడం మావయ్యగారి సర్వీసులో లేదు. తన ఉపన్యాసంలోంచే ఒకరికి ఆరంభం, ఒకరికి హాస్టల్ మెస్సు ముచ్చట, ఒకరికి చనిపోయిన మిత్రుడి జ్ఞాపకం కోసి ఇచ్చేశారు. చివరికి 'ధన్యవాదాలు' మిగిలింది. శనివారం సాయంత్రం దాన్నీ ఒక ఆత్మీయ అతిథి పట్టుకుపోయారు.

ఇక గురుపూజ. వీరికి చరిత్ర పాఠాలు చెప్పిన వీరరాఘవులు మాస్టారు ఫరీదాబాద్‌లో కూతురి దగ్గర క్షేమంగా ఉన్నారు. కానీ లెక్చరర్ జీతాన్ని బట్టి చూస్తే ఆయన కుర్చీ మావయ్యగారి పక్కన, అంటే పూర్తిగా గాలిలో పడుతోంది. అది గురువుకు అగౌరవమని, ఫోటో పెట్టి దండ వేశారు. ఎవరి ద్వారా తెలిసిందో, మాస్టారు మెట్రోలో వచ్చేశారు. తన దండకేసి ఓసారి చూసి, మా పక్కన కూర్చుని, "పూలు బాగున్నాయమ్మా" అన్నారు.

రామమోహనరావుగారు రెండు తువ్వాళ్ల కుర్చీలోంచి లేచి గంభీరంగా ప్రసంగించారు. "మిత్రులారా! హోదాలన్నీ గేటు బయట వదిలేశాం! ఈ రోజు మనమంతా మళ్లీ విద్యార్థులం!" ఒక తువ్వాలు జారితే పక్కనున్న ఉపాధ్యక్షులు సర్దారు. అందరూ మాట్లాడారు. మాట్లాడిన ప్రతివారినీ మిగిలినవారు, "ఎంత సహజంగా చెప్పావురా!" అని మెచ్చుకున్నారు. తమ కాగితాల్లోనూ అదే చెయ్యి ఉన్నట్టు ఎవరూ గుర్తుపట్టలేదు.

మావయ్యగారి పేరు పిలిచారు. ఆయన మైకు దగ్గరకు వచ్చేసరికి క్యాటరింగ్ భయ్యా తలుపు తీసి, "సర్‌జీ, ఖానా లగ్ గయా!" అని భోజనానికి పిలిచాడు. మరుక్షణం వేదిక మీద కుర్చీల్లో తువ్వాళ్లు తప్ప ఎవరూ లేరు. "కానీయ్ రా సుందరం, వింటూనే ఉంటాం," అంటూ రామమోహనరావుగారు కూడా వెళ్లారు.

మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. "నాకు ముందు మాట్లాడిన పెద్దలు, నేను చెప్పాలనుకున్నవన్నీ చెప్పేశారు."

తెలుగు సభల్లో ఈ వాక్యం నిజం కావడం నాకు తెలిసి ఇదే మొదలు. నేనూ కిరీటీ మా ఉమ్మడి చప్పట కొట్టబోయి ఆగిపోయాం.

మాస్టారు కింద నుంచే అన్నారు. "తెలుసులేవోయ్. పరీక్షల్లోనూ వాళ్లంతా నీ పేపరు చూసే రాసేవారు. వాళ్ల సంగతి వదిలెయ్. ఇప్పుడు నీ సొంతది ఒక్క మాట చెప్పు. వింటాను."

మావయ్యగారు ఖాళీ కుర్చీల వైపు, అలవాటుగా, ఒకసారి తిరిగి చూశారు.

"అప్రూవ్ చెయ్యాల్సినవాళ్లంతా భోజనానికి వెళ్లారండీ, మాస్టారూ."

సభ దిగ్విజయంగా ముగిసింది. గులాబ్‌జామూన్ వేడిగా ఉంది; ఒక్కటే మిగిలితే మేమిద్దరం చెరిసగం తిన్నాం.

సోమవారం ఫోను మోగింది. "ఒరేయ్ సుందరం, మీ కోడలు బాగా రాస్తుందటగా. సమ్మేళనం మీద నా పేరుతో పత్రికకు ఓ ముక్క రాసి పెట్టమనరా." మావయ్యగారు తన పాత పెన్ను తెచ్చి నా చేతికిచ్చారు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

అందుకే ఇది రాశాను. రామమోహనరావుగారు చదవరు, సంతకం పెడతారు. సర్వీసులో పడిన అలవాటు. కొత్త కోడలు రాసిందంటే మీరు మాత్రం ఇంత దూరం చదివేవారా? నచ్చితే దయచేసి వారినే అభినందించండి.

ఇట్లు,
రామమోహనరావు
అధ్యక్షులు, జాయింట్ సెక్రటరీ (విశ్రాంత)